పెళ్ళికైనా యాత్రకైనా మందుగుండు వాళ్ళని కుదుర్చుకునే ముందు

రాజాంలో మాది షామియానా, లైటింగ్ వ్యాపారం. మందుగుండు మా పని కాదు. కానీ పందిరి వేసేవాడికి అన్నీ తెలుస్తాయనుకుంటారు కాబట్టి పెళ్ళివాళ్ళూ, యాత్ర (అంటే గ్రామదేవత జాతర) చేసే గుడి కమిటీవాళ్ళూ మొదట అడిగేది మమ్మల్నే. "మంచి మందుగుండు వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి" అంటారు. ఏదో ఒక ఫోన్ నంబరు ఇచ్చేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ ఆ పైన పేలినదాని నిప్పు రవ్వలు రాలేది నా గుడ్డల మీదే. అందుకే ఎవరిని పిలవాలి, ఏం అడగాలి, ఏ కాగితం చూడాలి అన్నది అడిగినవాళ్ళందరికీ చెబుతూ ఉంటాను. అదే ఇక్కడ రాస్తున్నాను. ఇంటి ముందు నాలుగు చిచ్చుబుడ్లు వెలిగించుకునేవాళ్ళకి ఇదంతా అక్కర్లేదు. ఊరందరినీ పిలిచి ఆకాశంలోకి షెల్స్, అంటే పైకెళ్ళి విచ్చుకునే గుండ్లు, వదిలే కార్యక్రమం పెట్టుకునేవాళ్ళ కోసం.

ముందు లైసెన్సు సంగతి

"మాకు లైసెన్సుందండి" అని అందరూ అంటారు. దేనికిచ్చిన లైసెన్సు అని అడగాలి.

మందుగుండు తయారీ, నిల్వ, అమ్మకం, రవాణా, ప్రదర్శన, అన్నీ 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కిందికీ, 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల కిందికీ వస్తాయి. చూసే కేంద్ర సంస్థని పెసో అంటారు. హెడ్డాఫీసు నాగపూర్‌లో ఉంది. మనకి దగ్గర ఆఫీసు విశాఖపట్నంలో. కాగితం మీద ఎల్ఈ-5 అని ఉంటే అది షాపులో సరుకు పెట్టుకుని అమ్ముకోవడానికి ఇచ్చినది. ఆ కాగితం పట్టుకుని మీ ఊరి చెరువు గట్టు మీద షెల్స్ కాలుస్తానంటే కుదరదు. పదిమంది ముందు ప్రదర్శన ఇవ్వాలంటే ఆ తేదీకి, ఆ స్థలానికి విడిగా అనుమతి ఉండాలి. అది ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు. షాపు లైసెన్సు వేరు, ప్రదర్శన అనుమతి వేరు. ఇది తెలియక పెళ్ళివాళ్ళు జిరాక్సు చూసి తృప్తిపడిపోతారు.

దీపావళి అప్పుడు గ్రౌండులో రేకుల షాపులు పెట్టుకోవడానికి ఇచ్చే తాత్కాలిక లైసెన్సు సంగతీ అంతే. అది ఆ పండగ రోజుల వరకే. మాఘమాసం పెళ్ళికి వచ్చి దాన్నే లామినేషన్ చేయించి చూపించేవాళ్ళుంటారు. కాగితం చేతికి తీసుకుని మూడు చూడండి: పేరు ఎవరిది, గోడౌను అడ్రసు ఎక్కడ, గడువు ఎప్పటిదాకా. పేలుడు పదార్థాల లైసెన్సులు మామూలుగా మార్చి 31తో ముగుస్తాయి. ఉగాది దాటాక మీ ఫంక్షన్ ఉంటే రెన్యువల్ అయిందా అని తప్పకుండా అడగాలి. ఒరిజినల్ చూపించమంటే మొహం మాడ్చుకున్నాడంటే ఇంక మాట్లాడడం అనవసరం. లైసెన్సు ఉన్నవాడు దాన్ని గొప్పగా చూపిస్తాడు, ఎంత తిరిగితే వచ్చిందో అతనికే తెలుసు కాబట్టి.

అనుమతి దరఖాస్తులో కార్యక్రమం పెట్టే మీ పేరూ, కాల్చే కంపెనీ పేరూ రెండూ ఉండేలా చూసుకోండి. "అంతా మేమే చూసుకుంటాం, మీరు హాయిగా పెళ్ళి చేసుకోండి" అనే మాట వినడానికి బాగుంటుంది. తేడా వస్తే పోలీసులు మొదట తలుపు కొట్టేది కార్యక్రమం పెట్టినవాడిదే. స్థలం స్కెచ్చి, ఏ సరుకు ఎంత కాలుస్తారో లిస్టు, తేదీ, సమయం, కంపెనీ లైసెన్సు కాపీ, ఇవన్నీ జతచేయాలి. ఆ తర్వాత పోలీసు, అగ్నిమాపక శాఖ, రెవెన్యూ వాళ్ళ అభిప్రాయాలు తీసుకుంటారు. ఒక్కో టేబులు దగ్గర ఫైలు ఎన్నాళ్ళు ఉంటుందో ఎవరూ చెప్పలేరు. నెలా నెలన్నర ముందే మొదలుపెట్టండి. శుభలేఖలు పంచడం అయ్యాక గుర్తొచ్చిందంటే ఆలస్యమైపోయినట్టే.

ఒక చిన్న మాట. మా రాజాం 2022 ఏప్రిల్ నుంచి విజయనగరం జిల్లాలో ఉంది. పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. ఇప్పటికీ అలవాటు కొద్దీ శ్రీకాకుళం కలెక్టరాఫీసుకి బస్సెక్కేవాళ్ళున్నారు. బంధువులది ఏ జిల్లా, మీది ఏ జిల్లా అని కాదు, మందుగుండు కాల్చే స్థలం ఏ జిల్లాలో ఉందో ఆ కలెక్టరుకి పెట్టుకోవాలి.

ఇంత చాదస్తం ఎందుకంటే

యాత్ర కమిటీల దగ్గర ఈ మాట ఎత్తితే "మా తాతల నాటి నుంచి కాలుస్తున్నాం, ఎవడడిగాడు" అంటారు. కేరళలో కొల్లాం జిల్లా పరవూరు పుట్టింగల్ గుడిలోనూ తాతల నాటి నుంచే కాల్చారు. రెండు బృందాలు పోటీపడి కాల్చే ఆనవాయితీ. 2016లో ఆ పోటీకి అధికారులు అనుమతి ఇవ్వలేదు. అయినా ఏప్రిల్ 10 తెల్లవారుజామున కాల్చారు. నిప్పు సరుకు నిల్వ మీద పడింది. నూరు మందికి పైగా పోయారు. 2024 అక్టోబరు చివర్లో అదే రాష్ట్రం కాసర్‌గోడ్ జిల్లా నీలేశ్వరంలో కూడా గుడి దగ్గర కాల్చినవాటి రవ్వలు సరుకు పెట్టిన షెడ్డు మీద పడి 150 మందికి పైగా కాలిపోయి ఆసుపత్రి పాలయ్యారు. రెండుచోట్లా ఒకటే కథ: కాల్చే చోటూ, సరుకు దాచిన చోటూ, జనం నిలబడే చోటూ దగ్గర దగ్గరగా ఉన్నాయి.

అంత దూరం ఎందుకు, 2025 ఏప్రిల్ 13న మన పక్కనున్న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి ఎనిమిది మంది కూలీలు పోయారు. 2024 దీపావళి రోజున ఏలూరులో స్కూటర్ మీద ఉల్లిపాయ బాంబులు తీసుకెళ్తుంటే రోడ్డు మీదే పేలి మనిషి పోయాడు. ఎవరో మీ ఊరికి బైకు వెనక గోనెసంచిలో సరుకు కట్టుకుని వచ్చారంటే ఆ ఏలూరు స్కూటర్ గుర్తుచేసుకోండి. సరుకు దేని మీద వస్తుందో అడగడం వెంగలితనం కాదు. రైల్లో తీసుకొస్తామంటే అసలే ఒప్పుకోకండి. రైల్వే చట్టం ప్రకారం అది మూడేళ్ళ దాకా జైలు పడగల నేరం.

స్థలం చూసే తీరులోనే మనిషి తెలిసిపోతాడు

ఇన్‌స్టాగ్రామ్ వీడియోలు చూసి ఎవరినీ కుదుర్చుకోకండి. ఆ వీడియో ఎక్కడిదో, కాల్చినవాడు ఎవడో మీకు తెలియదు. దుబాయ్ బుర్జ్ ఖలీఫా దగ్గర కాల్చినవి కూడా తమ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకునేవాళ్ళున్నారు. పని తెలిసినవాడిని పట్టుకోవడానికి నాకు తెలిసిన దారి ఒకటే. అడ్వాన్సు ఇచ్చేముందు స్థలానికి తీసుకెళ్ళండి. మీరు మాట్లాడకండి. అతను దేనివైపు చూస్తాడో చూడండి.

సంతకవిటి వైపు ఒక ఊళ్ళో గ్రామదేవత యాత్రకి మాదే లైటింగ్. మందుగుండుకి ఒక పెద్దాయన వచ్చాడు. గుడి ముందు ఖాళీ జాగా చూపించి కమిటీ ప్రెసిడెంటు "ఇక్కడే" అన్నాడు. పెద్దాయన అవుననలేదు, కాదనలేదు. వంగి చిటికెడు మట్టి తీసి భుజం ఎత్తు నుంచి వదిలాడు. దుమ్ము పడమటికి పోయింది. ఆయన అటు తిరిగి కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆ వైపు కళ్ళంలో వరికుప్పలు, వాటి వెనక తాటాకు సాల, సాల పక్కన నాలుగైదు తాటిచెట్లు, వాటికి కిందికి వేలాడుతున్న ఎండు మట్టలు.

"ఏటి బాబూ, యాత్రనాటికి ఈ నూర్పులైపోతాయా?"

"అవ్వవు."

"అయితే వేరే చోటు చూపించండి."

చెరువు గట్టుకి తీసుకెళ్ళారు. అక్కడ కూడా ఊరికే సరే అనలేదు. పదకొండు కేవీ లైను ఎటు నుంచి ఎటు పోతోందో వేలితో గాలిలో గీసుకున్నాడు. ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడ, జనం ఏ దారిన వస్తారు, ఫైరింజను ఇక్కడి దాకా రాగలదా, తిరగడానికి జాగా ఉందా అని అడిగాడు. ఆ తర్వాత కమిటీవాళ్ళని వదిలేసి, గట్టు మీద గేదెలు కాస్తున్న ముసలాయన దగ్గరికి వెళ్ళి రాత్రిపూట గాలి ఎటు తిరుగుతుందని అడిగాడు. పగటి గాలి వేరు, రాత్రి గాలి వేరు అని ఆ కాపరే చెప్పాడు. రేటు మాట అప్పటిదాకా రానేలేదు. చివరికి చెరువుకి అవతలి గట్టున కాల్చడం, జనం ఇవతలి గట్టున కూర్చోవడం అని తేలింది. మధ్యలో నీళ్ళు. పైగా షెల్స్ వెలుగు నీళ్ళలో కూడా కనిపించి జనం ఇంకా సంబరపడ్డారు.

రెండో రకం వాళ్ళు బండి దిగకుండానే "సరిపోద్దండి" అంటారు.

దూరం విషయంలో ఒక లెక్క పెట్టుకోండి. అమెరికాలో ప్రొఫెషనల్ వాళ్ళు షెల్ సైజు అంగుళానికి 70 అడుగుల చొప్పున జనాన్ని దూరం పెడతారు. మూడంగుళాల షెల్‌కి 210 అడుగులు, నాలుగంగుళాలకి 280, ఆరంగుళాలకి 420. మీ ఫంక్షన్ హాలు వెనక ఎన్నడుగుల జాగా ఉందో కొలిచి చూసుకోండి. రాజాం, బొబ్బిలి, నరసన్నపేట లాంటి ఊళ్ళలో రోడ్డు మీదున్న హాళ్ళలో చాలావాటికి పార్కింగు కలుపుకున్నా అంత ఉండదు. అలాంటి చోట షెల్స్ ఆశ వదులుకోవాల్సిందే. నేనైతే మైదానంలో కాల్చేవాటికి కూడా జనానికి 100 మీటర్లకి తక్కువైతే నా షామియానా వెయ్యను. పందిరి గుడ్డ, ప్లాస్టిక్ పూలు, థర్మోకోల్ మండపం, వీటికి ఒక్క రవ్వ చాలు. సరుకు దింపి ఉంచే చోటు కాల్చే చోటుకి దూరంగా, గాలి వచ్చే వైపు ఉండాలి. 2024 అక్టోబరులో కేంద్రం ఈ దూరాల నిబంధనలు ఇంకా గట్టిగా బిగించింది. కేరళలో పెద్ద గుడి ఉత్సవం త్రిస్సూర్ పూరం జరిపేవాళ్ళు అప్పుడు పెద్ద గొడవే చేశారు. కాబట్టి కొత్త నిబంధనల ప్రకారం దూరాలు ఎంతెంత అని మీ కంపెనీవాడిని అడగండి. నోటికి చెప్పగలిగాడా, ఫోన్‌లో వెతుక్కుంటున్నాడా అన్నదాంట్లోనే సగం తెలిసిపోతుంది.

శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం, తేలుకుంచి వైపు పెళ్ళయితే ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఊళ్ళ చెట్ల మీద విదేశీ పక్షులు గూళ్ళు పెట్టుకునే నెలల్లో శబ్దం వచ్చే మందుగుండు పెట్టుకోకండి. ఆ ఊళ్ళవాళ్ళే ఒప్పుకోరు.

గొట్టాలు చూడండి

ఇది చాలామంది అడగరు. షెల్‌ని నేలమీద పెట్టి కాల్చరు. గొట్టంలో దించి కాలుస్తారు. కింద ఉన్న మందు అంటుకుని షెల్‌ని పైకి తన్నుతుంది. పైకి వెళ్ళాక అది విచ్చుకుంటుంది. ఒక్కోసారి షెల్ గొట్టంలోనే పేలుతుంది. అప్పుడు ఆ గొట్టం దేనితో చేసిందన్నది ప్రాణాల మీది మాట. పని తెలిసినవాళ్ళు మందమైన నల్లటి హెచ్‌డీపీఈ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) గొట్టాలు వాడతారు. అవి చీలుతాయి తప్ప ముక్కలై ఎగరవు. ఇనుప పైపులూ, పీవీసీ పైపులూ పగిలితే పదునైన ముక్కలు జనంలోకి వస్తాయి. గొట్టాలు చెక్క ర్యాకుల్లో గట్టిగా బిగించి ఉండాలి, చుట్టూ ఇసుక బస్తాలు వెయ్యాలి. పక్క గొట్టం పేలినా ర్యాకు జనం వైపు పడిపోకూడదు.

రేగిడి వైపు ఒక రిసెప్షన్‌లో మందుగుండు కుర్రాళ్ళు గొట్టాలు దింపుతుంటే పెళ్ళికూతురి మేనమామ వచ్చి ఒకదాన్ని చేత్తో తట్టి చూశాడు. ఆయనది బోర్లు వేసే పని. "ఇవి మా కేసింగ్ పైపులు కదరా" అన్నాడు. నిజంగానే అవి పీవీసీ బోరు పైపుల ముక్కలు, బైండింగ్ వైరు చుట్టి ఉన్నాయి. కుర్రాళ్ళు నవ్వి ఊరుకున్నారు. ఆయన నవ్వలేదు. షెల్స్ అన్నీ తిరిగి వ్యానెక్కించి, నేలమీద పెట్టే చిచ్చుబుడ్లూ, ఒకే పెట్టెలోంచి వరసగా చిన్న గుండ్లు ఎగిరే బాక్సు షాట్సూ మాత్రం కాల్చమన్నాడు. పెళ్ళిలో ఎవరికీ లోటు తెలియలేదు.

వెలిగించే పద్ధతి కూడా అడగండి. మంచి కంపెనీలు ఈ-మ్యాచ్ అనే చిన్న కరెంటు ఒత్తి ఒక్కో షెల్‌కి తగిలించి, వైర్లు లాగి, దూరంగా కూర్చుని బోర్డు మీద బటన్లు నొక్కుతాయి. అగరొత్తి పట్టుకుని గొట్టం మీదికి వంగి వెలిగించే పద్ధతి ఇంకా ఉంది. అలా కాల్చేవాళ్ళని నేను తక్కువ చెయ్యను. వాళ్ళలో చెయ్యి తిరిగినవాళ్ళున్నారు. కానీ మీ ఇంటి శుభకార్యంలో ఒకడి మొహం గొట్టం మీద ఉండాల్సిన అవసరం ఏముంది?

ఏం కాల్చాలి

ఔట్ల మోతే మందుగుండు అనుకునేవాళ్ళు మన ఊళ్ళలో ఎక్కువ. మందుగుండు వాళ్ళకీ అదే సుఖం, మోత చవక, రంగు ఖరీదు. మీరు లిస్టులో ప్రతి సరుకూ విడిగా రాయించుకోండి. ఎన్ని అంగుళాల షెల్స్ ఎన్ని, బాక్సు షాట్స్ ఎన్ని షాట్లవి ఎన్ని, ఏ కంపెనీ సరుకు, మొత్తం ఎన్ని నిమిషాలు. "గ్రాండ్ ప్యాకేజీ, ఇరవై నిమిషాలు" అని ఒక్క ముక్క రాసిన కొటేషన్‌కి అర్థం లేదు. నిమిషానికొక జువ్వ వదిలినా ఇరవై నిమిషాలు అవుతుంది. నా మాట వింటే ఎనిమిది నిమిషాలు చిక్కగా కాల్చమనండి. జనం తలలెత్తి చూసేది కూడా అంతసేపే, ఆ తర్వాత భోజనాల వైపు చూస్తారు.

శబ్దం పరిమితి ఉంది. పేలిన చోటుకి నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటకూడదని కేంద్రం 1999లోనే నిబంధన పెట్టింది. 2018 అక్టోబరు తీర్పులో సుప్రీంకోర్టు గొలుసు టపాకాయల్ని, అంటే మనం వెయ్యివాలా, పదివేలవాలా అనేవాటిని, నిషేధించింది. పొగ తక్కువ వచ్చే సరుకూ, గ్రీన్ క్రాకర్సే వాడమంది. బేరియం వాడకూడదంది. ఆకుపచ్చ రంగు వచ్చేది ఎక్కువగా బేరియం వల్లే. అందుకే "చిలకపచ్చ షెల్స్ తెస్తామండి" అని ఊరిస్తే అందులో ఏం కలిపారని అడగాలి. గ్రీన్ క్రాకర్స్ పెట్టె మీద సీఎస్ఐఆర్-నీరీ (కేంద్ర ప్రభుత్వ పర్యావరణ పరిశోధన సంస్థ) గుర్తూ, క్యూఆర్ కోడూ ఉంటాయి.

పేరూ ఊరూ లేని అట్టపెట్టెల్లో వచ్చే నాటు సరుకు మాత్రం లోపలికి రానివ్వకండి. గంధకంతో క్లోరేటు కలిపి మందు చెయ్యడం 1992 నుంచీ నిషేధం. ఆ రెండూ కలిస్తే నిప్పు అక్కర్లేదు, రాపిడి చాలు. చవగ్గా భారీగా మోగే నాటు బాంబుల్లో అదే ఉండే అవకాశం ఎక్కువ.

హాలు లోపల దండలు మార్చుకునేటప్పుడు తెల్లటి నిప్పుపూల ఫౌంటెన్లు పెడతారు కదా, వాటిని కోల్డ్ పైరో అంటారు. వాటి రవ్వలు పైకి వెళ్ళేసరికి చల్లబడతాయి నిజమే. కానీ మిషను మూతి దగ్గర వేడి వేడే. పట్టుచీర కుచ్చిళ్ళకీ, వేలాడే పరదాలకీ దూరంగా పెట్టించండి. మండపం ఫోమ్‌తోనో థర్మోకోల్‌తోనో కడితే అసలు వద్దు. ఈ విషయంలో డెకరేషన్ వాడూ, కోల్డ్ పైరో వాడూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఎవరి పని వాళ్ళు చేసుకుపోతారు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించాల్సింది మీరే.

తేదీ, టైము

మన పెళ్ళిళ్ళకి అసలు చిక్కు ముహూర్తం. పంతులుగారు రాత్రి 1 గంట 40 నిమిషాలకి పెడతారు. జీలకర్రా బెల్లం వేళకి ఆకాశం వెలగాలని మేనమామ పట్టుబడతాడు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దం వచ్చే బాణసంచా కాల్చకూడదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. కాబట్టి పెళ్ళికొడుకు ఊరేగింపుకో, ఎదురుకోలుకో, రిసెప్షన్‌కో పెట్టుకుని 10 లోపల ముగించెయ్యండి. మనవాళ్ళ ఊరేగింపు ఎప్పుడు బయల్దేరుతుందో మనకి తెలిసిందే. 7 అని అనుకుంటే 9 అవుతుంది, 9 అనుకుంటే ఇంక మందుగుండు మర్చిపోవడమే. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం, అక్కడ పగలైనా కుదరదు.

విజయనగరం చుట్టుపక్కల తేదీ ఖాయం చేసుకునేటప్పుడు దసరా వెళ్ళిన మంగళవారం ఎప్పుడొచ్చిందో చూసుకోండి. పైడితల్లి అమ్మవారి తొలేళ్ళు, సిరిమాను రోజుల్లో పోలీసులూ, ఫైరు సిబ్బందీ అంతా అక్కడే ఉంటారు. మీ కార్యక్రమానికి ఫైరింజను అడిగినా రాదు. శ్రీకాకుళం వైపు అరసవల్లి రథసప్తమికీ ఇదే పరిస్థితి.

అక్టోబరు మనకి తుపాన్ల నెల కూడా. 2014లో హుద్‌హుద్ 12న వచ్చింది, 2018లో తిత్లీ 11న వచ్చింది. రెండూ దసరా, దీపావళి రోజుల్లోనే. వాన పడితే కార్యక్రమం వాయిదానా, రద్దా, అడ్వాన్సులో ఎంత వెనక్కి వస్తుంది అన్నది ముందే కాగితం మీద ఉండాలి. సరుకు తడిసిపోయాక మాట్లాడుకుంటే గొడవే.

అగ్రిమెంటు, డబ్బు, ఇన్సూరెన్సు

ఇక్కడ రేట్లు రాయను. ముహూర్తాల సీజన్‌ని బట్టి, దూరాన్ని బట్టి మారిపోతాయి. ఒకటి మాత్రం గట్టిగా రాయించండి: కాల్చేది ఆ కంపెనీ మనుషులే, పని ఇంకొకరికి ఇవ్వరు అని. అడ్వాన్సు తీసుకున్నవాడు ఒకడు, వ్యానులో దిగేవాడు ఇంకొకడు కావడం ఈ వ్యాపారంలో చాలా మామూలు. వచ్చే మనుషుల పేర్లు, వాళ్ళలో పెద్ద ఎవరు, ఎన్నేళ్ళుగా చేస్తున్నాడు, శిక్షణ తీసుకున్న కాగితం ఉందా అన్నవి ముందే తీసుకోండి. వాళ్ళు ఇంతకుముందు కాల్చిన ఊరి కమిటీకి ఫోన్ చెయ్యండి. "బాగా కాల్చారా" అని అడగకండి, అందరూ బాగానే కాల్చారంటారు. "మర్నాడు పొద్దున్న ఎవరు శుభ్రం చేశారు" అని అడగండి.

పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్సు, అంటే జనానికి ఏదైనా నష్టం జరిగితే కట్టే బీమా, ఉందా అని అడిగితే చాలామంది మిమ్మల్ని వింతగా చూస్తారు. ఉన్నవాళ్ళు పాలసీ కాపీ పంపిస్తారు. అందులో బాణసంచా ప్రదర్శనకి వర్తిస్తుందని ఉందో లేదో, తేదీ సరిపోతుందో లేదో చదవండి. ఫంక్షన్ హాలు యజమానినీ అడగండి. కొన్ని హాళ్ళ అగ్రిమెంట్లలో మందుగుండు నిషేధం అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద అయిదేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. ఈ ముక్క కమిటీ మీటింగులో ఒకసారి చదివితే చాలు, తొందరపడేవాళ్ళు కాస్త నెమ్మదిస్తారు.

ఆ రోజు

సాయంత్రం సరుకు దిగే టైముకి మీ వైపు నుంచి ఒక పెద్దమనిషి అక్కడే ఉండాలి. తాగనివాడై ఉండాలి. కాల్చేవాళ్ళలో ఎవరైనా తాగినట్టు కనిపిస్తే కార్యక్రమం ఆపేసే అధికారం ఆయనకి ఇవ్వండి. లిస్టు ప్రకారం సరుకు వచ్చిందా అని ఆయనే సరిచూస్తాడు. తాళ్ళు కట్టి జనాన్ని ఆపాలి. తాడు అంటే మనవాళ్ళు దాని కిందనుంచి దూరిపోతారు కాబట్టి వెదురు కర్రల దడి అయితే మంచిది. మైకు పట్టుకున్నవాడికి ఏం చెప్పాలో ముందే చెప్పండి, లేకపోతే "అందరూ దగ్గరికి రండి" అని పిలిచేస్తాడు.

ఫైరింజను దొరక్కపోతే కనీసం నీళ్ళ ట్యాంకరు, ఇసుక బకెట్లు, తడి గోనెసంచులు ఉండాలి. 101, 108, 112 ఎవరు ఫోన్ చెయ్యాలో ముందే అనుకోండి. ఎవరికైనా కాలితే చల్లటి మామూలు నీళ్ళు ధారగా ఇరవై నిమిషాలు పొయ్యాలి. పేస్టు, సిరా, పసుపు, ఐసు పెట్టకూడదు. పెద్ద గాయమైతే దగ్గర ఆసుపత్రిలో చూపించి విశాఖ కేజీహెచ్‌కి పంపే ఏర్పాటు ఉండాలి.

గాలి ఉన్నట్టుండి ఎదురు తిరిగితే ఆపెయ్యమని చెప్పే మనిషి మందుగుండు పెద్దే కావాలి, పెళ్ళికూతురి నాన్న కాదు. అతను ఆపితే వాదించకండి. డబ్బు తగ్గించి ఇవ్వొచ్చు, ఆ లెక్కలు తర్వాత.

మర్నాడు పొద్దున్న

కొన్ని షెల్స్ పేలవు. గొట్టంలో ఉండిపోతాయి, లేకపోతే పైకి వెళ్ళి పేలకుండానే పొలంలో పడతాయి. గొట్టంలో ఉన్నదాని జోలికి వెంటనే వెళ్ళకూడదు. అరగంట ఆగి, నీళ్ళు పోసి, అప్పుడు తియ్యాలి. పొలంలో పడినవి రాత్రి కనబడవు. తెల్లారేసరికి ఊళ్ళో పిల్లలు వాటికోసం వెతుకుతూ ఉంటారు. మందు ఊడదీసి కాగితంలో పోసి వెలిగించడం మన ఊళ్ళలో పిల్లలకి కొత్త కాదు. చేతివేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. కాబట్టి పిల్లలు లేవకముందే, తొలి వెలుగులో మందుగుండు వాళ్ళే ఆ చుట్టుపక్కలంతా నడిచి పేలనివన్నీ ఏరి నీళ్ళ బకెట్లో వెయ్యాలని అగ్రిమెంటులో రాయించండి. రాత్రికి రాత్రే వ్యానెక్కి వెళ్ళిపోతామంటే ఒప్పుకోకండి, పడుకోవడానికి హాల్లో రెండు పరుపులు వెయ్యండి. ఆఖరి వాయిదా డబ్బు ఆ ఏరివేత అయ్యాకే చేతిలో పెట్టండి.

మిగిలిన సరుకు ఉంటే "ఉంచుకోండి సార్, పిల్లలు కాల్చుకుంటారు" అని ప్రేమగా ఇస్తారు. తీసుకోకండి. మా గోడౌనులోనూ పెట్టమంటారు, నేను పెట్టనివ్వను. నా గోడౌను నిండా గుడ్డలు, పరుపులు, కుర్చీలు. లైసెన్సున్న గోడౌను వాళ్ళకుంది, వ్యానెక్కించి అక్కడికే పంపించండి.